కాడి దింపడం వేరు, కాడి పారవేయడం వేరు



పోరు మధ్యలో ఆగిపోయిన మనిషిని గురించి చెప్పడానికి మన కడప జిల్లాలో మాటలకు కరువు లేదు. చేతులెత్తేశాడంటారు, తోక ముడిచాడంటారు, వెన్ను చూపాడంటారు, కాడి పారేశాడంటారు. భయపడి ఆగినవానికీ, ఒళ్ళు వంచలేక ఆగినవానికీ, ఎముక విరిగి ఆగినవానికీ ఇవే మాటలు. ప్రొద్దుటూరులో కబడ్డీ ఆడే కుర్రవాడైనా, జమ్మలమడుగు వైపు బండల గనిలో పనిచేసే కూలీ అయినా, పులివెందుల తోటల్లో అరటిగెలలు మోసే మనిషైనా ఈ తీర్పును తప్పించుకోలేడు. ఈ మాటలు పడవలసి వస్తుందన్న భయంతోనే చాలామంది గాయాన్ని దాచుకొని కొనసాగుతారు. సులభంగా నయం కావలసిన గాయం మొండిగా మారేది ఎక్కువగా ఆ దాచిన రోజుల్లోనే. అందుచేత గాయపడి ఆగడమూ, విరమించడమూ ఒకటేనా అన్న ప్రశ్నను ఆరోగ్య విషయంగానే నేను చూస్తున్నాను.

ఆ ప్రశ్నను అందరికంటె కఠినంగా ఎదుర్కొనేవాడు బాక్సర్. ఇతర క్రీడల్లో గాయం ప్రమాదవశాత్తు కలుగుతుంది. బాక్సింగులో దెబ్బ తీయడమే ఎదుటివాని పని, ఆ దెబ్బకు ఓర్చి నిలబడడం ఆ విద్యలో సగం. కనుక దెబ్బ తగిలిందని ఆగినవాణ్ణి జనం సులభంగా మన్నించరు. బాక్సర్ విషయంలో సమాధానం తేల్చుకోగలిగితే మిగిలినవారి విషయం తేలికవుతుంది. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. గాయపడి ఆగిన బాక్సర్ విరమించినట్టు కాదు. అతడు విరమించాడో లేదో తెలుసుకోవాలంటే, బరి నుంచి దిగిన తరువాత వచ్చే నెలల్లో అతడేమి చేశాడో చూడాలి.

తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ తేడా కొత్తది కాదు. బండ లాగుతున్న ఎద్దు కాలు ఈడ్చినా, గిట్ట నేలకు ఆనించలేకపోయినా, తెలిసిన రైతు చర్నాకోల పక్కన పెట్టి కాడి దింపిస్తాడు. సమయం మిగిలి ఉన్నా, బహుమతి అందేంత దూరంలో ఉన్నా దింపిస్తాడు. ఆ ఎద్దును పిరికిదని ఎవరూ అనరు, ఆ రైతుకు పౌరుషం లేదని ఎవరూ అనరు. వచ్చే తిరునాళ్ళకు మళ్ళీ కట్టవలసిన ఎద్దు గదా అంటారు. కాడి దింపడమంటే ఎద్దును కాపాడుకోవడం. కాడి పారవేయడమంటే సేద్యాన్నే వదలుకోవడం. ఎద్దు విషయంలో మనకున్న ఈ వివేకం కన్నబిడ్డల విషయంలో ఎందుకు లోపిస్తున్నదన్నదే నా బాధ.

ఇందుకు తెలుగు నేల మీదనే స్పష్టమైన ఉదాహరణ ఉంది. మహమ్మద్ హుసాముద్దీన్ నిజామాబాదు బాక్సర్. తండ్రి శంషాముద్దీన్ అక్కడి బాక్సింగ్ శిక్షకుడు. హుసాముద్దీన్ 2018లో గోల్డ్ కోస్ట్‌లోనూ, 2022లో బర్మింగ్‌హామ్‌లోనూ జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో కాంస్య పతకాలు సాధించాడు. 2023 మే నెలలో తాష్కెంట్‌లో పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. 57 కిలోల విభాగం క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా బాక్సర్ హవియెర్ ఇబానెజ్‌ను అతడు 4-3 తేడాతో ఓడించాడు. ఆ పోరులోనే మోకాలు దెబ్బతిన్నది. నొప్పి, వాపు మిగిలాయి. మే 12వ తేదీన క్యూబాకు చెందిన సైడెల్ హోర్టాతో సెమీఫైనల్ ఆడవలసి ఉండగా హుసాముద్దీన్ బరిలోకి దిగలేదు. ప్రత్యర్థికి వాకోవర్ లభించింది, ఇతనికి కాంస్యం దక్కింది. అదే పోటీలో దీపక్ భోరియా, నిశాంత్ దేవ్ కూడా కాంస్యాలు సాధించారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన పురుషులకు ఒకేసారి మూడు పతకాలు రావడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. బాక్సింగులో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు, మూడవ స్థానం కోసం వేరే పోటీ ఉండదు. పతకం ఎలాగూ ఖాయమైంది గనుక తప్పుకున్నాడని ఎవరైనా అనవచ్చు. ఆ మాట అనేవారు అతడు పోగొట్టుకున్నదేమిటో కూడా లెక్క వేయాలి. ప్రపంచ విజేత కావడానికి అతనికి ఇంకా రెండే పోరులు మిగిలాయి. అటువంటి అవకాశం మళ్ళీ వస్తుందని ఏ క్రీడాకారునికీ ఎవరూ హామీ ఇవ్వలేరు. దానిని వదులుకోవడం సుఖం కోసం చేసే పని కాదు.

వైద్యుని దృష్టితో చూస్తే ఆ నిర్ణయం వెనుక ఉన్న తర్కం మరింత స్పష్టపడుతుంది. బాక్సర్ గుద్దు చేతి నుంచి పుట్టదు. వెనుక కాలు నేలను తన్నడంతో మొదలై, నడుము గుండా, భుజం గుండా పిడికిలికి చేరుతుంది. రక్షణ కూడా కాళ్ళ మీదనే ఆధారపడి ఉంటుంది. తలకు వచ్చే దెబ్బను తప్పించుకోవాలంటే రెప్పపాటులో పక్కకు జరగాలి, వెనక్కు వాలాలి. మోకాలి లోపల ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు గాని, వాటి మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ గాని దెబ్బతింటే కాలు మెలి తిప్పిన ప్రతిసారీ కీలు పట్టు తప్పుతుంది. కాలు పట్టు తప్పినవాడు తలను కాపాడుకోలేడు. ఆ విధంగా మోకాలి గాయం తల గాయానికి దారి తీస్తుంది. పట్టు తప్పిన కీలుతోనే ఆడుతూ పోతే మిగిలిన మెనిస్కస్ కూడా చిరుగుతుంది, మృదులాస్థి అరుగుతుంది. అరవై ఏళ్ళకు రావలసిన కీళ్ళ అరుగుదల ముప్పై అయిదేళ్ళకే వస్తుంది.

నొప్పికి ఓర్చుకోవడం గొప్ప గుణమే. దానిని తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. పరుగెత్తి పరుగెత్తి పిక్కలు మండుతున్నప్పుడు ఇంకొక చుట్టు తిరగడం, చెంప మీద దెబ్బ పడినా చేతులు దించకపోవడం, ఇవన్నీ మనోబలానికి సంబంధించిన విషయాలు. తెగిన లిగమెంటు మనోబలానికి లొంగదు. ధైర్యం భయాన్ని జయించగలదు, అలసటను కొంతవరకు జయించగలదు. చీలిన కండరపు నరాన్ని, విరిగిన ఎముకను, మెదడు చుట్టూ కారుతున్న రక్తాన్ని జయించలేదు. ధైర్యానికి పని లేని చోట ధైర్యం లేదని నిందించడం అర్థం లేని పని.

మరి లోకం ఎందుకు నిందిస్తుంది? లోకం కంటికి కనిపించిన గాయాన్నే నమ్ముతుంది. ఈ విషయంలో యుక్రెయిన్ బాక్సర్ విటాలీ క్లిచ్‌కో జీవితం కంటె మంచి పాఠం లేదు. 2000 సంవత్సరం ఏప్రిల్ 1న బెర్లిన్‌లో క్రిస్ బర్డ్‌తో జరిగిన పోరులో తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి న్యాయనిర్ణేతల లెక్కల్లో అతడే ముందున్నాడు. భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ అనే కండరాల పట్టీ చినిగిపోవడంతో పదవ రౌండుకు లేవలేదు. టైటిల్ పోయింది. గెలుస్తున్న పోరును వదిలేసిన పిరికివాడన్న నింద మూటగట్టుకున్నాడు. శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చాడు. 2003 జూన్ 21న లాస్ ఏంజిలస్‌లో లెనాక్స్ లూయిస్‌తో తలపడ్డాడు. కంటిపైన లోతుగా చీరుకుపోయి ముఖమంతా రక్తమయమైంది. ఆరు రౌండ్ల తరువాత వైద్యుడు పోరు ఆపించాడు. అప్పుడు కూడా లెక్కల్లో అతడే ముందున్నాడు, అప్పుడు కూడా ఓడినట్టే ప్రకటించారు. కానీ ఈసారి జనం అతణ్ణి వీరుడన్నారు. మరుసటి ఏడాది అతడు ప్రపంచ హెవీవెయిట్ విజేత అయ్యాడు.

మనిషి ఒక్కడే. రెండుసార్లూ గాయంతోనే పోరు ఆగింది. మొదటిసారి చినిగినది చర్మం కింద ఉంది కనుక పిరికితనమైంది. రెండవసారి చినిగినది ముఖం మీద ఉంది కనుక పరాక్రమమైంది. ఇంకొక తేడా కూడా గమనించండి. మొదటిసారి నిర్ణయం అతని పక్షం నుంచి వచ్చింది, రెండవసారి వైద్యుని నుంచి వచ్చింది. తానుగా ఆగితే తప్పు, ఎవరో ఆపితే ఒప్పు అన్నట్టుంది లోకనీతి. ఆ నీతిని నమ్మిన యువకుడు తనంతట తాను ఎన్నటికీ ఆగడు. ఆపేవారు పక్కన లేకపోతే అతని గతి ఏమిటి?

ఇంగ్లండుకు చెందిన డేనియల్ డుబ్వా విషయమూ ఇటువంటిదే. 2020 నవంబరులో జో జాయిస్‌తో పోరులో పదవ రౌండులో ఒక మోకాలిపై కూర్చుండిపోయాడు. రిఫరీ పది లెక్కపెట్టేవరకు లేవలేదు. లేవగలిగి ఉండీ లేవలేదని మాజీ బాక్సర్లు కొందరు సైతం తప్పుపట్టారు. పరీక్షించగా ఎడమ కంటిగూటి ఎముక విరిగిందని, రెటీనాలో రక్తస్రావం అయిందని తేలింది. కంటిగూటి ఎముక కాగితమంత పలుచనగా ఉంటుంది. అది విరిగిన చోట కంటిని తిప్పే కండరం ఇరుక్కుపోవచ్చు, ఒక వస్తువు రెండుగా కనిపించవచ్చు. ఆ స్థితిలో ఇంకొక దెబ్బ పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. అతడు చూపును కాపాడుకున్నాడు. 2024 సెప్టెంబరులో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఆంథొనీ జాషువాను నేలకూల్చి ప్రపంచ టైటిల్‌ను నిలబెట్టుకున్నాడు. 2020లో అతడు లేచి నిలబడి ఉంటే కొన్ని నిమిషాల చప్పట్లు దక్కేవేమో. ఆ కన్ను దక్కేదన్న నమ్మకం మాత్రం లేదు.

తిరిగి రాలేనివారి సంగతి కూడా చెప్పాలి. 1982 నవంబరు 13న లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ రే మాన్సినీతో పోరాడాడు. ఎన్ని దెబ్బలు తగిలినా ఆగలేదు. పదునాలుగవ రౌండులో కూలిపోయాడు. మెదడుకూ దాని పైపొరకూ మధ్య రక్తం గడ్డకట్టి, కొద్ది రోజులకు మరణించాడు. ఆ తరువాత ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోరులను 15 రౌండ్ల నుంచి 12 రౌండ్లకు తగ్గించింది. కిమ్‌ను ఎవరూ విరమించాడని అనలేదు. ఆ ప్రశంస వినడానికి అతడు లేడు.

ఈ ఘటనల నుంచి ఒక వైద్య సత్యాన్ని గ్రహించాలి. పోరులో ఉన్నవాడు తన గాయాన్ని తాను కొలవలేడు. ఉద్రేకంలో ఉన్నప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ వంటి రసాయనాలు నొప్పిని మరుగుపరుస్తాయి. తలకు దెబ్బ తగిలితే పరిస్థితి ఇంకా విషమం. తీర్పు చెప్పవలసిన అవయవమే దెబ్బతిని ఉంటుంది. నాకేమీ కాలేదు, ఆడతాను అన్న మాట ఆ సమయంలో సాక్ష్యంగా పనికిరాదు. అందుకే బాక్సింగులో రిఫరీకి, వైద్యునికి, మూలలో ఉండే శిక్షకునికి పోరు ఆపే అధికారం ఇచ్చారు. అమెచ్యూర్ బాక్సింగు ఫలితాల పట్టికలో గాయం వల్ల రిఫరీ ఆపిన పోరుకు ఒక గుర్తు, బాక్సర్ పక్షమే విరమించిన పోరుకు ఒక గుర్తు, బరిలోకే దిగని పోరుకు ఇంకొక గుర్తు ఉంటాయి. తలకు తగిలిన దెబ్బలతో పోరు ఆగితే కనీసం నెల రోజులు బరిలోకి రానివ్వరు. ఓటమి ఓటమే, దానిని ఎవరూ కాదనరు. ఏ విధంగా ఓడాడన్న తేడాను మాత్రం ఆట గుర్తుపెట్టుకుంటుంది. చూసేవారే మరచిపోతారు.

శిక్షకుని బాధ్యత మన ఇతిహాసాలకు కొత్త కాదు. రామాయణ యుద్ధకాండలో రాముని బాణాలకు సొమ్మసిల్లిన రావణుణ్ణి అతని సారథి రథంతో సహా రణరంగం నుంచి పక్కకు తీసుకుపోతాడు. తెలివి వచ్చిన రావణుడు తనను పిరికివానిగా చేశావని సారథిపై మండిపడతాడు. రథికుని బలమూ, బలహీనతా, గుర్రాల అలసటా, సమయమూ ఎరిగి నడుచుకోవడమే సారథి ధర్మమని ఆ సారథి బదులిస్తాడు. రావణుడంతటివాడు ఆ మాటకు సంతోషించి చేతి ఆభరణం బహూకరించి, తిరిగి యుద్ధానికి వెళతాడు. మహాభారతంలో కర్ణుని చేత గాయపడి శిబిరానికి చేరిన ధర్మరాజే మరునాడు శల్యుణ్ణి కూల్చాడు. ఆనాటి కవులకు రణరంగం నుంచి తొలగడానికీ, యుద్ధాన్ని వదలడానికీ మధ్య ఉన్న తేడా బాగా తెలుసు.

1975 అక్టోబరు 1న మనీలాలో ఆ సారథి ధర్మాన్ని ఎడీ ఫచ్ పాటించాడు. మహమ్మద్ అలీతో పోరాడుతున్న జో ఫ్రేజియర్ ముఖం పదునాలుగు రౌండ్లు ముగిసేసరికి వాచి, చూపు దాదాపు మూసుకుపోయింది. ఒక్క రౌండే మిగిలి ఉంది. ఫ్రేజియర్ ఆడతానన్నాడు. శిక్షకుడు ఫచ్ వద్దని పోరు ఆపించాడు. ఫ్రేజియర్ విరమించాడని ఈనాడు ఎవరూ అనరు. అతడు 2011 వరకు జీవించాడు.

ఇక కష్టమైన ప్రశ్న. గాయాన్ని సాకుగా చూపి తప్పుకునేవారు ఉండరా? ఉంటారు. 1980 నవంబరులో పనామా వీరుడు రొబెర్టో డురాన్ షుగర్ రే లెనర్డ్‌తో పోరులో ఎనిమిదవ రౌండులో వెనుదిరిగాడు. కడుపునొప్పి కారణమన్నాడు. చాలామంది నమ్మలేదు. అందులో నిజమెంతో తేల్చడం నా పని కాదు. నేను చూసేది ఆ తరువాతి సంగతి. అతడు మళ్ళీ శిక్షణకు వెళ్ళాడు, 1983లోనూ, 1989లోనూ మరో రెండు బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు. ఒక రాత్రి చేసిన పనితో మనిషి మొత్తాన్ని కొలవరాదనడానికి ఇంతకంటె ఏం కావాలి? పైగా ఇందులో ఒక లెక్క ఉంది. నటించినవాణ్ణి పొరపాటున నమ్మితే మనకు కలిగే నష్టం ఒక ఆట. నిజంగా గాయపడినవాణ్ణి పొరపాటున నమ్మకపోతే కలిగే నష్టం ఒక కన్ను, ఒక కాలు, కొన్నిసార్లు ప్రాణం. వైద్యులు ఏ వైపు తప్పటడుగు పడినా ఫరవాలేదో చూసుకొని నిర్ణయిస్తారు. తల్లిదండ్రులు, శిక్షకులు కూడా అలాగే నిర్ణయించాలి.

విరమించడమంటే ఏమిటో తెలుసుకోవడానికి నిజామాబాదుకే చెందిన నిఖత్ జరీన్ కథ చదవాలి. 2011లో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచిన ఆమెకు 2017లో భుజం కీలు తప్పింది. మన వాడుకలో గూడ జారడం అంటాము. శస్త్రచికిత్స జరిగింది, దాదాపు ఏడాది పాటు పోటీలకు దూరమైంది. పడుచు వయసులో ఒకసారి గూడ జారితే మళ్ళీ మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. దానికి మందు విశ్రాంతి, ఆపైన నెలల తరబడి చేసే వ్యాయామ చికిత్స. చేయి భుజం ఎత్తుకు లేపడం కూడా కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది. చప్పట్లు కొట్టేవారుండరు, కెమెరాలుండవు. ఆ దినచర్యను దాటి వచ్చిన నిఖత్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 5-0 తేడాతో నెగ్గి ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. ఆమె పట్టుదలకు పరీక్ష జరిగినది ఆ పేరులేని వ్యాయామ గదిలోనే.

తిరిగి వచ్చినవారంతా ఇలా గెలుస్తారని చెబితే అది అబద్ధమవుతుంది. హుసాముద్దీన్ 2024 మార్చిలో ఒలింపిక్ అర్హత పోటీలకు ఇటలీ వెళ్ళి తొలి పోరులోనే ఓడిపోయాడు. ఆ ఓటమి వల్ల తాష్కెంట్ నిర్ణయం తప్పైపోదు. అతడు తన కాళ్ళ మీద నిలబడి మళ్ళీ బరిలోకి దిగాడు. ఇంకొందరు గాయం తరువాత ఆటకు తిరిగి రారు. శిక్షకులవుతారు, ఉద్యోగం చూసుకుంటారు, పొలం చేసుకుంటారు. ఆట జీవితంలో ఒక భాగం. మిగిలిన జీవితాన్ని చక్కగా నడుపుకుంటున్నవాణ్ణి విరమించినవాడనడానికి నాకు నోరు రాదు.

అయితే విరమించడం అనేదే లేదా అంటే, ఉంది. నొప్పి తగ్గగానే వ్యాయామ చికిత్స మానేయడం విరమించడం. స్కానింగ్ అవసరమని వైద్యుడు చెప్పినా వాయిదా వేసి, నాటుకట్టుతో సరిపెట్టుకోవడం విరమించడం. నాటుకట్టు పైకి బిగువుగా కనిపించవచ్చు. లోపల తెగిన లిగమెంటును అది అతికించలేదు. చప్పట్లు కొట్టిన ఊరు, కట్టు పడిన తరువాత ఆ బిడ్డ గడప తొక్కకపోవడం కూడా విరమించడమే. ఆ చివరిదానికి కుర్రవాడు బాధ్యుడు కాడు, మనమే బాధ్యులం.

ఈ మాటలు ఆటగాళ్ళ కోసమే రాయడం లేదు. బండలు ఎత్తి ఎత్తి వెన్నుపూసల మధ్య డిస్కు జారిన గని కూలీకి ఒంటిపైన గాయం కనిపించదు. మగ్గం గుంటలో ఏళ్ళ తరబడి కూర్చున్న నేతగానికి నడుము పట్టేస్తే పైకి ఏమీ తెలియదు. నెల రోజులు పని మానమని వైద్యుడంటే, ఇంట్లోనూ బయటా పనిదొంగ అన్న పేరు వస్తుంది. బాక్సర్‌కు రిఫరీ ఉన్నాడు, వైద్యుడున్నాడు. రోజు కూలీకి ఎవరూ లేరు, ఆగితే ఆ పూట కూలి పోతుంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికునికి, నిబంధనల మేరకు, జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం, పనిలో గాయపడి పనిచేయలేని కాలానికి 90 శాతం అందుతుంది. ఫ్యాక్టరీలలో పనిచేసేవారు తమ కార్డు సంగతి నేడే విచారించుకోండి. ఆ రక్షణ లేనివారికి యజమాని ఇచ్చే నాలుగు రోజుల వ్యవధి, ఇంటివారు చెప్పే మంచి మాట మాత్రమే దిక్కు. అవి కూడా కరువైతే నొప్పిమాత్ర ఒక్కటే మిగులుతుంది.

నొప్పిమాత్ర గురించి హెచ్చరిక చేయక తప్పదు. ఆట ముందు నొప్పి తెలియకుండా సూది వేయించుకొని దిగడం, పని కోసం రోజూ మాత్ర మింగడం రెండూ ప్రమాదకరం. మందు నొప్పిని అణచుతుంది, గాయాన్ని కట్టదు. మన ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ వంటి మందులు మూత్రపిండాలను దెబ్బతీయగలవు, కడుపులో పుండ్లు కలిగించగలవు.

ఇంట్లో ఆటలాడే పిల్లలున్నవారు ఈ కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలని మనవి. మోకాలు మెలి తిరిగినప్పుడు టక్కుమని శబ్దం వచ్చి, ఒకటి రెండు గంటల్లోనే వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. ఆ రోజు ఆట అక్కడితో ముగియాలి. గూడ జారితే మైదానంలో ఉన్నవారు చేయి పట్టి లాగరాదు. చేతిని ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కంటి చుట్టూ దెబ్బ తగిలి రెండుగా కనిపిస్తుంటే ముక్కు గట్టిగా చీదరాదు, వెంటనే కంటివైద్యునికి చూపించాలి. తలకు దెబ్బ తగిలి క్షణకాలం తికమకపడినా, ఆడిన ఆట గుర్తులేకపోయినా, తూలినా ఆ రోజు మళ్ళీ బరిలోకి పంపరాదు. ఒకటి రెండు రోజులు ఒంటరిగా ఉంచరాదు. తలనొప్పి పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, మగత కమ్ముతున్నా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా, కాలు చేయి చచ్చుబడినట్టున్నా తెల్లవారేవరకు ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే తగిలే రెండవ దెబ్బ చిన్నదైనా ప్రాణాంతకం కావచ్చు.

టోర్నమెంట్లు నిర్వహించే పెద్దలకు ఒక విన్నపం. బహుమతులకు, షామియానాకు, మైకుకు డబ్బు కేటాయిస్తారు. మైదానం పక్కన ఒక వైద్యుణ్ణి గాని, శిక్షణ పొందిన నర్సును గాని కూర్చోబెట్టండి. గాయపడినవాణ్ణి ఆపే అధికారం వారికి ఉన్నదని ఆట మొదలయ్యేముందే మైకులో చెప్పండి. ఎవరో ఆపితే గౌరవంగా దిగే అలవాటు పడిన కుర్రవాడు, ఏదో ఒకనాటికి తనంతట తాను కూడా గౌరవంగా ఆగడం నేర్చుకుంటాడు. అలా దిగివచ్చినవాణ్ణి ఎందుకు ఆగావని అడగకండి. ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి.